ఎర్రమన్ను మీద ఒట్టు

"ఊఁ అంటే ఆపరేషన్‌కి ఏర్పాట్లు చేసేస్తారు నాన్నా. ఊఁ అనమంటారా, వద్దా?"

జయకృష్ణ గొంతు తగ్గించే అడిగాడు. తెనాలిలోని ఆ చిన్న ఆసుపత్రి గదిలో తగ్గిన గొంతుకు దాక్కునే చోటు లేదు. మంచం మీది తల్లి ధనమ్మ విన్నది. కిటికీ దగ్గరి భార్య కీర్తన విన్నది. జవాబు చెప్పవలసిన వీరరాఘవయ్య మాత్రం కండువా మడత విప్పి, మళ్ళీ అదే మడత పెట్టుకున్నాడు.

"డిస్కు జారిందని స్కానింగ్‌లో కనపడుతుంటే ఇంకా ఏంటి ఆలోచన?" కొడుకు రెట్టించాడు.

"మీ అమ్మనడుగు."

"నన్నడిగేదేముంది?" పైకప్పు వైపే చూస్తూ అంది ధనమ్మ. "కాళ్ళు నావని మీరంటున్నారు. నాకైతే ఎవరివో తెచ్చి అతికించినట్టున్నాయి. ఎవరివైతే వాళ్ళనడగండి."

ఎవరూ నవ్వలేదు. తమ ఊరు నగరంలో, పొలాల్లో మినుము పీకే రోజుల్లో కూలీలకంటే ముందు గట్టెక్కిన కాళ్ళవి. మొదట తిమ్మిరన్నది. తర్వాత బరువన్నది. నిన్న పెరటి మెట్టు మీద కూలబడి, లేవలేక, లేపినా నిలవలేకపోయింది. మూత్రం బిగిసిపోతే ఇక్కడ గొట్టం వేశారు. గొట్టం వేస్తుంటే నొప్పి తెలియకపోవడమే ఆమెను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది. ఆ మాట కోడలికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

కోడలికి తప్ప చెప్పనిది ఇంకొకటి ఉంది.

కీర్తన కిటికీ ఊచ పట్టుకుంది, వదిలింది, మళ్ళీ పట్టుకుంది.

"ఏమ్మాయ్, ఆ ఊచ ఊడొస్తుంది," అంది ధనమ్మ. "మీ వేటపాలెంలో జీడిగింజ ఒలిచినట్టు, దేన్నయినా ఒలిచిందాకా నీ చెయ్యి ఊరుకోదు."

తక్కిన ఇద్దరికీ అందులో వెటకారం వినిపించింది. కీర్తనకు హెచ్చరిక వినిపించింది.

అప్పుడే తలుపు తట్టి డాక్టర్ రుక్సార్ లోపలికి వచ్చింది. నరాల డాక్టరు, గుంటూరు నుంచి వారానికొకసారి ఈ ఆసుపత్రికి వస్తుంది. ఎముకల డాక్టరు ఆపరేషన్ మాట ఎత్తగానే, ముందు ఈవిడ కూడా ఒకసారి చూడనీయండని కీర్తన పట్టుబట్టింది. పట్టుబట్టినందుకు జయకృష్ణ నిన్నటి నుంచి ఆమెతో సగం మాటలే మాట్లాడుతున్నాడు.

"బోసురోడ్డులో గొడుగుల కొట్టు వహాబ్ గారి అమ్మాయివి కదమ్మా నువ్వు?" వీరరాఘవయ్యకు మాట దొరికింది.

"అవునండి. నాన్నగారు ఇప్పుడు కొట్టు తియ్యట్లేదండి. గొడుగు బాగు చేయించుకునేవాళ్ళేరి? విరిగితే పారేస్తున్నారు."

"కాళ్ళకి కూడా ఆ వీలుంటే బాగుండేది," అంది ధనమ్మ.

"మీవి విరిగాయో లేదో చూడనీయండి అమ్మా. అప్పుడు పారేద్దాం."

మగవాళ్ళిద్దరూ బయటికి వెళ్ళారు. రుక్సార్ చిన్న రబ్బరు సుత్తితో మోకాలి కింద తట్టింది. కాలు ఎగిరిపడింది. ధనమ్మ ఆశ్చర్యంగా తన కాలి వైపు చూసింది, పిలవని చుట్టం లేచి నిలబడినట్టు.

"కదిలింది కదండీ?" కీర్తన అడిగింది.

"కదిలింది. ఇంత గట్టిగా కదలకూడదు."

అరికాలి మీద తాళంచెవి మొనతో మెల్లగా గీసింది. కిందికి ముడుచుకోవలసిన బొటనవేలు నిదానంగా పైకి లేచింది. రుక్సార్ ఇంకోసారి గీసింది. వేలు ఇంకోసారి లేచింది.

తర్వాత సూది మొన పాదం నుంచి పైకి బయలుదేరింది.

"గుచ్చుతున్నానా, తాకుతున్నానా?"

"ఎవరో ఎవర్నో గుచ్చుతున్నారు."

పిక్క. మోకాలు. తొడ. పొట్ట. ఏదో ఊరి మీదుగా పోతున్న బండిని అరుగు మీద కూర్చుని చూస్తున్నట్టు ధనమ్మ చూస్తూనే ఉంది. రొమ్ము కిందికి వచ్చేసరికి ఉలిక్కిపడింది.

"ఇక్కడా?"

"ఇక్కడి నుంచి నేనే," అంది ధనమ్మ.

రుక్సార్ ఆ చోట వేలు ఉంచి, కాసేపు తీయలేదు.

"ఒకసారి పక్కకి తిప్పి వీపు చూస్తానమ్మా."

"వద్దు." ధనమ్మ చెయ్యి మంచం పట్టీని గట్టిగా పట్టుకుంది. "కదిలితే ఇక్కడ బెల్టు బిగించినట్టు ప్రాణం పోతోంది. తర్వాత చూద్దువుగాని."

"సరే, స్కానింగ్‌కి బట్టలు మారుస్తారుగా, అప్పుడు చూస్తాను. ఈ మధ్య జ్వరం వచ్చిందా?"

"లేదు."

"ఒంటి మీద పొక్కులు, దద్దుర్లు?"

"లేదు."

"టీకా ఏమన్నా వేయించుకున్నారా?"

"ఏమీ లేదమ్మా. రాయిలా ఉన్నాను."

రుక్సార్ కళ్ళు కీర్తన వైపు తిరిగాయి. కీర్తన కళ్ళు నేల వైపు తిరిగాయి.

*

వరండాలో రుక్సార్ నిలబడే చెప్పింది.

"ఆ డిస్కు ఉందండి. ఆ వయసులో చాలామందికి ఉంటుంది, వాళ్ళకి తెలియను కూడా తెలియదు. కాని కాళ్ళు పడిపోవడం దానివల్లే అయితే, సుత్తితో తట్టినప్పుడు మోకాలు ఊరుకోవాలి. ఆవిడ మోకాలు ఎగిరిపడుతోంది. రొమ్ము కింద నుంచి స్పర్శ పోయింది. దెబ్బ నడుములో లేదు. పైన, వెన్నుపాములో ఉంది. మీరు స్కాన్ తీయించింది కింద."

"అంటే ఆపరేషన్ వద్దంటారా?" జయకృష్ణ ముఖం ఎర్రబడింది.

"ఆ డిస్కు తీసేసినా కాళ్ళు రావంటున్నాను. వెన్నుపాము వాచినట్టుంది. వైరస్ ఏదైనా వచ్చి పోయాక, చాలా అరుదుగా, ఇట్లా అవుతుంది. పై వెన్నుకి స్కాన్ తీద్దాం. నడుము దగ్గర సన్న సూదితో కొంచెం నీరు తీసి పరీక్షకి పంపుదాం."

"వెన్నులో నీరు తీస్తే ఉన్న కాళ్ళు కూడా పోతాయంటారు."

"ఎవరండీ అనేది?"

"అందరూ."

"ఆ అందరిలో నీరు తీయించుకున్నవాళ్ళు ఎవరన్నా ఉన్నారాండి?"

వీరరాఘవయ్య నోటికి కండువా అడ్డం పెట్టుకుని దగ్గాడు. అది దగ్గు కాదని కొడుక్కి తెలుసు.

"తలనొప్పి వస్తే రావచ్చు, కాళ్ళు పోవు," అంది రుక్సార్. "నా ఇబ్బంది వేరే ఉంది. వాపు తగ్గడానికి స్టెరాయిడ్ ఇవ్వాలి. లోపల వైరస్ ఇంకా రగులుతుంటే, దాని మందు లేకుండా స్టెరాయిడ్ ఒక్కటే ఇవ్వడం నిప్పు ఆర్పకుండా విసనకర్రతో విసరడమే. పరీక్ష ఫలితం రావడానికి టైము పడుతుంది. అందాకా నాకు దారి చూపించాల్సింది మీరు చెప్పే మాటే."

"అమ్మ లేదంది కదండీ."

"ఆవిడ లేదన్నారు. ఇంట్లోవాళ్ళు కూడా చెప్పాలి."

కీర్తన పెదవి విప్పబోయింది. చేతిలో ఫోను మోగింది. బాపట్ల నుంచి ఆడబిడ్డ స్నేహ.

"వదినా, అమ్మని ఆపరేషన్‌కి తీసుకెళ్ళారా?"

"లేదు స్నేహా. ఇంకో డాక్టరు గారు చూస్తున్నారు."

"నాకేదో దాస్తున్నారు మీరందరూ. పురిటికని పుట్టింటికి తెచ్చుకుని, నిన్న అమ్మ పడగానే నన్ను సామానులా కారెక్కించి ఇక్కడికి పంపేశారు. మా అత్తగారు ఏమైందని అడుగుతుంటే నా దగ్గర జవాబు లేదు."

"నువ్వు విశ్రాంతిగా ఉండాలమ్మా. మళ్ళీ చేస్తాను."

పెట్టేసింది. పెట్టేశాక కూడా ఆ గొంతు చెవిలోనే ఉండిపోయింది. స్నేహ మీదే ఒట్టు. ఈ భూమ్మీద ఇందరు మనుషులుండగా, ఆ పిల్ల మీదే వేయించుకుంది అత్తగారు.

సర్పి వచ్చింది ధనమ్మకు. ఎడమ జబ్బ కింద మొదలై, వీపు మీదుగా రొమ్ము కిందికి పాకిన నిప్పుపొక్కుల బారు. పెనుమూడిలో తన పుట్టింటి ఆచారమని, ఒక మధ్యాహ్నం పడకగది గడియ వేసి, ధనమ్మ కోడలి చేతికి ఎర్రమన్ను కలిపిన గిన్నె ఇచ్చింది. కన్నకూతురి చెయ్యి పనికిరాదు, ఒకే రక్తం కనుక; కోడలి చెయ్యే కావాలి. పాములా పాకే ఆ బారు తల ముందుకు సాగకుండా ఒక గీత. తోక వెనక నుంచి వచ్చి కలవకుండా ఒక గీత. తలా తోకా కలిస్తే మనిషి దక్కదట.

కీర్తన బళ్ళో లెక్కలు చెప్పే టీచరు. నవ్వు రావలసిన చోట ఆమెకు నవ్వు రాలేదు. నొప్పితో వణుకుతున్న ఆ వీపును చూసి, గీత వంకరపోకూడదని ఊపిరి బిగబట్టి గీసింది. డాక్టరుకు చూపిద్దామని ఒక్క మాట అనవలసింది. అనలేదు.

గీయడం అయ్యాక ఆ తడి చేతినే ధనమ్మ పట్టుకుంది. "కడుపుతో ఉన్న పిల్ల తిరుగుతున్న ఇల్లు ఇది. దీని పేరెత్తితే దాన్ని వెతుక్కుంటూ పోతుంది. ఎవరికీ చెప్పనని స్నేహ మీద ఒట్టెయ్యి."

వేసింది.

*

మగవాళ్ళు కాఫీకి వెళ్ళారు. కీర్తన గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"అడుగుతోందా?" అంది ధనమ్మ.

"అడుగుతున్నారు."

"నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేదు."

"మంచిపని చేశావు."

"మంచిపని కాదు అత్తయ్యా. నేను చెప్పేస్తాను."

ఫ్యాను తిరుగుతోంది. సీసాలోని చుక్క జారుతోంది. వరండాలో ఎవరో ఎవరినో చెప్పులు విడిచి రమ్మంటున్నారు.

"ఎవరి మీద ఒట్టేశావు?"

"స్నేహ మీద."

"మరి?"

కీర్తన దుప్పటి అంచు సర్దింది.

"దానికి రెండుసార్లు కడుపు నిలవలేదు. నీకు తెలుసు. బాపట్ల ఆసుపత్రిలో రెండోసారి దాని పక్కన పడుకున్నదానివి నువ్వే." ధనమ్మ గొంతు తగ్గింది. "నా కాళ్ళు పోతే పోనీ. మంచం మీద కూర్చుని మనవణ్ణో మనవరాలినో ఒళ్ళో పెట్టుకుంటాను. అంతకంటే నాకేం కావాలి?"

"కూర్చోలేరు అత్తయ్యా."

"ఏంటి?"

"ఆవిడ వేలు పెట్టింది నడుము మీద కాదు, రొమ్ము కింద. అక్కడి నుంచి కిందంతా మీది కాదని మీరే అన్నారు. కూర్చోవాలంటే అదంతా మీదవ్వాలి."

"భయపెడుతున్నావా?"

"భయపడుతున్నాను."

ధనమ్మ తల తిప్పి కోడలిని చూసింది. ఉదయం నుంచి ఆమె ఎవరినైనా సూటిగా చూడటం అదే మొదలు.

"ఆడబిడ్డ కాబట్టి ఇంత తేలిగ్గా ఒట్టు తప్పుతున్నావు. నీ తోడబుట్టినదైతే తప్పుతావా?"

"తేలిగ్గా అయితే నిన్ననే తప్పేదాన్ని."

"స్నేహకి ఏదైనా అయితే?"

కీర్తన కళ్ళు చెమర్చాయి. తుడుచుకోలేదు, తుడుచుకుంటే ఒప్పుకున్నట్టవుతుందని. "అయితే ఆ పాపం నాది. మీ కాళ్ళు పోయినా పాపం నాదే అత్తయ్యా. గీతలు గీసింది నేను. రెండూ నావే అయినప్పుడు, ఆపగలిగినదాన్ని ఆపుతాను."

"ఆ గడప దాటితే మళ్ళీ నన్ను అత్తయ్యా అనకు."

"మీ కాళ్ళ మీద మీరు నిలబడ్డాక అనను. అప్పటిదాకా అంటాను."

గడప దాటింది. వెనక నుంచి పిలుపు వస్తుందేమోనని ఒక్క అడుగు ఆలస్యం చేసింది. రాలేదు.

*

"సర్పి వచ్చిందండి," అంది కీర్తన.

రుక్సార్ నర్సుకు చెబుతున్న మాట ఆపింది. కాఫీ తాగి వస్తున్న జయకృష్ణ అక్కడే నిలబడిపోయాడు.

"ఎవరికి?"

"అత్తయ్యకి. స్నేహ సీమంతానికి ముందు. సీమంతం నాటికి చెక్కులు కట్టింది. ఎర్రమన్ను రాశాం. నేనే రాశాను."

"నాకు చెప్పలేదే?" జయకృష్ణ అన్నాడు.

"చెప్పనని ఒట్టేశాను."

"ఒట్టేంటి? లెక్కల టీచరువి నువ్వు."

"కారు కొనడానికి అత్తయ్య వద్దన్నప్పుడల్లా ముహూర్తం మార్చారు మీరు. ఇంజనీరు కదా."

వీరరాఘవయ్య ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడ్డాడు. ఏమీ అనలేదు. ఆ ఇంట్లో ఆయన ఎప్పుడూ అట్లాగే తీర్పు చెబుతాడు.

రుక్సార్ కోప్పడలేదు. "ఎక్కడ వచ్చింది? చూపించండి," అంది. కీర్తన తన ఒంటి మీదే, జబ్బ కింద నుంచి రొమ్ము కిందికి, అరచేతితో దారి చూపింది. రుక్సార్ అప్పటికే గదిలోకి నడుస్తోంది.

ఈసారి ధనమ్మ వద్దనలేదు. ఇద్దరూ పట్టి తిప్పుతుంటే గోడ వైపు తిరిగిపోయి, కళ్ళు మూసుకుంది. జాకెట్టు పైకి జరిపితే, ఎడమ పక్కన పొక్కులు మానిన నల్లని మచ్చల పట్టీ. చర్మపు ముడతల్లో అక్కడక్కడ ఎర్రమన్ను ఇంకా అంటుకునే ఉంది. రుక్సార్ వేలు మచ్చల వెంట నడిచి ముందుకు వచ్చింది. ఇందాక సూది మొన తెలిసిన ఎత్తులోనే ఆగింది.

"పరీక్షలు చేసి ఖాయం చేసుకుంటాను," అంది. "ఇదేననే అనుమానం గట్టిగా ఉంది. వైరస్ మందు ఇప్పుడే సెలైన్‌లో మొదలుపెడదాం. దాని వెనకే స్టెరాయిడ్. ఆపరేషన్ గురించి ఎముకల డాక్టరు గారితో నేను మాట్లాడతాను."

"అమ్మ నడుస్తుందాండి?" గుమ్మంలోంచి జయకృష్ణ అడిగాడు.

"నడిచినవాళ్ళున్నారు. కర్ర పట్టుకుని నడిచినవాళ్ళున్నారు. లేవనివాళ్ళూ ఉన్నారండి. ఇవాళ నేను ఏదీ చెప్పలేను."

నర్సు సీసా మార్చింది. ధనమ్మ గోడ వైపే ఉంది. నీళ్ళు కావాలా అని కొడుకు అడిగితే పలకలేదు. ఇటు తిప్పనా అని భర్త అడిగితే పలకలేదు. కీర్తన అడగలేదు.

రుక్సార్ చేతులు కడుక్కుని వచ్చి, తుడుచుకుంటూ ఆగింది.

"సర్పి ఉన్నప్పుడు ఇంట్లో ఎవరెవరున్నారండి?"

"మేం నలుగురం," అన్నాడు జయకృష్ణ. "మా చెల్లెలు."

"ఆవిడకేనా సీమంతం అన్నారు?"

గోడ వైపున్న వీపు బిగుసుకుంది.

"సర్పి, ఆటలమ్మ, రెండూ ఒకే వైరస్ అండి. చిన్నప్పుడు ఆటలమ్మగా వచ్చి, నరాల్లో దాక్కుని, పెద్దయ్యాక సర్పిగా లేస్తుంది. ఒకసారి ఆటలమ్మ పోసినవాళ్ళకి మామూలుగా భయం లేదు. అసలు పోయనివాళ్ళకి, ఈ పొక్కుల నీరు తగిలితే ఆటలమ్మగా రావచ్చు. కడుపుతో ఉన్నవాళ్ళకి అది మంచిది కాదు. మీకు పోసిందా కీర్తనగారూ?"

"చిన్నప్పుడే పోసిందండి."

"మీ ఆడబిడ్డకి?"

కీర్తన భర్తను చూసింది. జయకృష్ణ తండ్రిని చూశాడు.

"నాకు పోసింది, బాగా గుర్తుంది," అన్నాడు జయకృష్ణ. "దానికి, ఏమో."

"ఆ సంగతులు నాకెక్కడ తెలుస్తాయి?" అన్నాడు వీరరాఘవయ్య. "అన్నీ ఆవిడే చూసుకునేది."

అందరి చూపులూ ఆ వీపు మీద నిలిచాయి.

"అత్తయ్యా," అంది కీర్తన.

మంచానికి ఇంకొంచెం దగ్గరికి జరిగింది.

"అత్తయ్యా, స్నేహకి చిన్నప్పుడు పోసిందా?"

సెలైన్ చుక్క పడింది. ఇంకొకటి పడింది. ధనమ్మ మాట్లాడినప్పుడు ఆ గొంతు ఆమెది కాదేమో అనిపించింది, అంత సన్నగా ఉంది.

"వీడికి పోసినప్పుడు అది పాలు మరవలేదు. గుమ్మానికి వేపమండ కట్టకముందే దాన్ని పెనుమూడి తీసుకెళ్ళి మా అమ్మ దగ్గర వదిలేశాను. చన్ను బాధతో నేనిక్కడ, ఏడుపుతో అదక్కడ. ఆ తర్వాత కూడా ఎవరింట్లో పోసిందన్నా ఆ వీధి గాలి దానికి తగలనిచ్చేదాన్ని కాదు." ఆగింది. "ఒక్క పొక్కు లేకుండా పెంచాను డాక్టరమ్మా. ఒక్కటంటే ఒక్కటి."

రుక్సార్ మంచం దగ్గరికి వంగింది. "పొక్కుల మీద గుడ్డ కప్పే ఉంచారా?"

"కప్పే ఉంచాను."

"ఆవిడ ఆ చోటు తాకిందా? మీ తువ్వాలు గాని, దుప్పటి గాని వాడిందా?"

"నా పక్కనే పడుకునేది. చిన్నపిల్లలా నడుం మీద చెయ్యి వేసుకుని." ధనమ్మ గోడ మీది సున్నంతో చెబుతున్నట్టు చెప్పింది. "ఎన్నిసార్లు తీసేసినా, నిద్రలో మళ్ళీ వేసేది."

"కంగారుపడకండి. వచ్చి తీరుతుందని కాదు. వెంటనే రక్తం పరీక్ష చేయించి, తన డాక్టరుకి చెప్పాలి. జ్వరం గాని, ఒంటి మీద పొక్కు గాని ఉందేమో ఇప్పుడే కనుక్కోండి."

కీర్తన ఫోను తీసింది. స్నేహ పేరు కోసం వెతికింది.

"ఇటివ్వు," అంది ధనమ్మ.

"నేను చెప్తాను అత్తయ్యా."

"ఇటివ్వమన్నాను. దానికి నేనే చెప్పాలి."

కీర్తన పేరు నొక్కి, ఫోను అత్త చెవి దగ్గర పెట్టి పట్టుకుంది. ధనమ్మ చెయ్యి పైకి వచ్చి, ఫోనును కాక, ఫోను పట్టుకున్న చేతిని పట్టుకుంది. అవతల స్నేహ గొంతు గలగలమంది.

"వదినా, ఇప్పుడైనా చెప్తావా, లేదా?"

"నేనే స్నేహా."

"అమ్మా? మాట్లాడుతున్నావే. లేచి కూర్చున్నావా?"

"నా సంగతి తర్వాత. నీ ఒళ్ళు వెచ్చగా గాని ఏమన్నా ఉందా తల్లీ?"

అవతల నుంచి జవాబు వెంటనే రాలేదు.